గురులఘువులు, గవ్వలు, ఇరువది మొగముల పాచిక

కృష్ణా తుంగభద్రల నడుమ ఒదిగియున్న నడిగడ్డ సీమయందు, గద్వాల కోటగోడలకు కొలది దూరముననున్న మా యింటి అరుగుబండపై, ఎవరో పూర్వికులు ఉలితో గీయించిన యిరువదియైదు గడుల పటమొకటి నేటికిని చెరగక యున్నది. నాలుగు దిక్కుల అంచుగడులలోను నడిమి గడిలోను ఇంటు గుర్తులు గల ఆ పటమును చూచిన తెలుగువారికి అది అష్టాచెమ్మా అని వేరుగ చెప్పనక్కరలేదు. గడచిన దసరా సెలవులకు హైదరాబాదునుండి వచ్చిన మా మనుమడు సరిగా ఆ పటముమీదనే తన సంచిలోని పాచికలను కుప్పగా పోసెను. అందు నాలుగు మొగములవి కలవు, ఎనిమిది మొగములవి కలవు, పండ్రెండు మొగములవి కలవు. అన్నింటిలో వానికి ముద్దయినది మాత్రము ఇరువది మొగముల పాచిక. మిత్రులతో గూడి యేండ్లతరబడి వాడాడుచున్న ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటకు అదియే ప్రాణమట. అంత ముద్దయిన పాచికను వ్రేళ్ల నడుమ త్రిప్పుచు వాడు చెప్పిన మాట నన్ను కొన్ని దినములు వదలలేదు.

“తాతా, నా వీరుడు ఇరవయ్యో మెట్టుకు చేరిండు. ఇగ పాచిక ఎందుకు ఎయ్యాల్నో తెలుస్తలేదు. ఏం పడ్డా గెలుస్తనే ఉన్న.”

గెలుపు విసుగు పుట్టించుట వింతగా తోచవచ్చును. కాని గణితమున కిది వింత గాదు. ఆట యెట్టిదైనను అందు దైవమునకెంత, పురుషకారమునకెంత యను పంపకమొకటి యుండును. మన యిండ్లలోనే చూడుడు: వైకుంఠపాళిలో అంతయు దైవమే, పెద్దపాము మ్రింగినను నిచ్చెన యెక్కించినను ఆడువాడు తన బుద్ధితో చేయునది రవ్వంతయు లేదు. పులిజూదములో, పేరున జూదమున్నను, పాచికయే లేదు. మేకలు పులిని కట్టివేయుట కేవలము బుద్ధిబలము. ఈ రెంటి నడుమ నిలిచినది అష్టాచెమ్మా. గవ్వ చెప్పినన్ని గడులు నడువవలసినదే గాని, నాలుగు కాయలలో దేనిని నడుపవలెనన్నది ఆడువాని యిష్టము. మనుమని యాటయు ఈ నడిమి జాతిదే. ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరింతురు. ఒకడు కథ నడుపును. గోడ దూకుట, తాళము విప్పుట, రాక్షసుని కొట్టుట వంటి సందిగ్ధ కార్యము వచ్చినప్పుడెల్ల పాచిక తీర్పు చెప్పును. మెట్టు పెరిగినకొలది ఆ తీర్పునకు విలువ యెట్లు పోయినదో తెలియవలెనన్న ముందుగా గవ్వల లెక్క తెలియవలెను.

ఆ లెక్క మన పాలమూరు సంస్థానములకు కొత్తది కాదు. గద్వాలను ‘విద్వద్గద్వాల’ యని పిలిచిన కాలమున, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానములకు తిరుపతి వేంకటకవులవంటి అవధానులు వచ్చి పద్యములు చెప్పి సత్కారములందిన కాలమున, ప్రతి పండితుని నాలుకమీదను ఈ గణితమే ఆడుచుండెను. వారు దానిని ఛందస్సు అనిరి. మూడక్షరముల గణము లెనిమిది. అందు నగణమునకు గురువే లేదు. భ, జ, స గణములకు గురువొక్కటి. య, ర, త గణములకు గురువులు రెండు. మగణమున మూడును గురువులే. అనగా 1, 3, 3, 1. గవ్వ వెల్లకిల పడిన గురువనియు, బోర్ల పడిన లఘువనియు అనుకొనుడు. మూడు గవ్వలు విసరుటయనగా గణమొకటి వ్రాయుటయే. నాలుగవ గవ్వ చేర్చిన పదునారు విధములగును: గురువు లేనిది ఒక్కటి, ఒక గురువు గలవి నాలుగు, రెండు గలవి ఆరు, మూడు గలవి నాలుగు, నాలుగును గురువులైనది ఒక్కటి. పింగళుని ఛందశ్శాస్త్రమునకు పదియవ శతాబ్దమున వ్యాఖ్య రచించిన హలాయుధుడు వివరించిన మేరుప్రస్తారములో 1, 4, 6, 4, 1 అను వరుస యిదియే. మా అవ్వకు అక్షరము రాదు. అయినను వనపర్తిలో తన పుట్టినింటి వసారాలో ఆమె విసరిన ప్రతి పందెమును ఈ మేరువునుండి దిగివచ్చినదే.

వెల్లకిల పడిన గవ్వ లెన్నియో అన్నియే గడులు నడువవలెను. నాలుగును వెల్లకిల పడిన ‘చెమ్మ’, నాలుగు గడులు. నాలుగును బోర్లపడిన ‘అష్ట’, ఎనిమిది. గవ్వ నిష్పక్షపాతియైనచో పదునారు విసరులలో ఒకటి అష్ట, ఒకటి చెమ్మ. ఒక్క విసరునకు సగటు రెండున్నర గడులు. కాని గవ్వ నిష్పక్షపాతియా? వీపు గుబ్బగాను నోరు చదునుగాను ఉన్న ఈ సముద్రజీవి కవచము నాణెమువలె సమముగ పడునని యెవరు హామీ యిత్తురు? కడలికి బహుదూరమైన మా సీమలో గవ్వలు దొరకనప్పుడు చింతగింజలను పగులగొట్టి, తెల్లని లోపలి వైపు నోరుగాను, నల్లని తోలు వీపుగాను ఆడుకొందుము. వానికింకను వేరొక వక్రబుద్ధి.

గవ్వ నూటికి అరువదిసార్లు వెల్లకిల పడునదనుకొందము. అప్పుడు సగటు 2.60 గడులు. నూటికి నలువదిసార్లే వెల్లకిల పడునదైనచో సగటు 2.64. ఈ రెండు జాతుల గవ్వలకు సగటున భేదమే కానరాదు. కాని అష్ట మాటయో? మొదటిదానికి నూరు విసరులలో రెండు మూడుసార్లు. రెండవదానికి పదుమూడుసార్లు, అనగా అయిదింతలు! సగటును మాత్రమే చూచి ఆట సమముగనున్నదని తలచువాడు మోసపోవునది ఇచటనే. ఆటలను కూర్చువారు సగటును సరిచేసి సంతృప్తి పడుదురు. ఆడువారు మాత్రము అరుదైన పందెమునే జ్ఞాపకముంచుకొందురు. మీ గవ్వ గుణము తెలిసికొనగోరుదురేని దానిని నాలుగు వందలసార్లు విసరి చూడుడు. వెల్లకిలలు నూట యెనుబదికి తగ్గినను, రెండు వందల యిరువదికి మించినను దానిని శంకింపవచ్చును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితమభ్యసించి సంఖ్యాశాస్త్రమున లోకప్రసిద్ధి నొందిన సి.ఆర్.రావుగారు తమ గ్రంథమొకదానికి యాదృచ్ఛికమును పనిలో పెట్టుట యను అర్థము వచ్చు ఉపశీర్షిక నుంచినారు. గవ్వల నాలుగు వందల విసరులును ఆ పనిలోనివే, ఓపికయే కరువు.

అష్టయో చెమ్మయో పడిన మరల విసరవచ్చునని నియమము కలదు. “అష్ట పడ్డది బిడ్డా, ఇంకోపారి ఎయ్యి” అని అవ్వ గవ్వలు చేతిలో పెట్టుచుండెను. నేటి రోల్‌ప్లేయింగ్ ఆటలలో కొన్నింట గరిష్ఠ సంఖ్య పడిన పాచికను మరల వేసి కూడుకొను పద్ధతి కలదని మనుమడు చెప్పినప్పుడు నాకు నవ్వు వచ్చెను. మా అరుగునకది పాతచుట్టమే. మరల విసరు భాగ్యము ఎనిమిదింట ఒకటి గనుక రెండున్నరను ఎనిమిదింట ఏడు చేత భాగింపగా ఒక వంతునకు సగటు ఇరువదింట ఏడవ పాలు, అనగా మూడుకు కొంచెము తక్కువ గడులు వచ్చును. కొన్ని యిండ్లలో వరుసగ మూడుసార్లు పెద్దపందెము పడినచో అన్నియు రద్దు. అది అయిదు వందల పండ్రెండింట ఒక్కసారి జరుగునది. అయినను ఆ నియమము లేనిచో, ఎన్నడో యొకనాడు, ఒక్క వంతుతోనే ఆట ముగిసిపోవును. మేరువునకు శిఖరము కోసి గోపురము కట్టిన వారెవరోగాని తెలివైనవారు.

ఇప్పుడు ఇరువది మొగముల పాచికకు వత్తము. దీనికి మేరువు లేదు, ఇది మైదానము. ఒకటి పడుటకెంత అవకాశమో, పదికి నంతే, ఇరువదికి నంతే, నూటికి అయిదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రకటించిన ఈ ఆటకు 2000లో మూడవ కూర్పు వచ్చెను. అందు యోధుడు మెట్టు నొకటి యెక్కినకొలది పాచికపై పడిన సంఖ్యకు మరియొకటి చేర్చుకొనును; ఇరువదవ మెట్టున ఉన్న యోధునకు అట్టి చేర్పు ఇరువది, మాంత్రికునకు పది. దీనికి బలమును, మంత్రపుటాయుధములును ఇచ్చు చేర్పులు వేరు. పాచిక వెడల్పెంత? ఇరువదియే గదా. చేర్పు పాచికను మించినపుడు పాచిక పలుకుట మానును. యోధునకు తగిన శత్రువును నిలిపిన, తోడివారు ఇరువది పడిననే గాని కొట్టలేరు. తోడివారికి తగిన శత్రువును నిలిపిన, యోధుడు ఒకటి పడిననే గాని తప్పడు. ఒకే బల్లచుట్టు కూర్చుండి యొకడు గెలుపునకును మరియొకడు ఓటమికిని విసుగుచెందుట యిట్లు సంభవించెను.

ఇది మొదటి రోగము. రెండవది ఇంతకంటె సూక్ష్మము. మెట్లు పెరిగిన మాంత్రికుడు పాచికలను దోసిళ్లతో విసరును. ఆరు మొగముల పాచిక నొక్కటి వేసిన సగటు మూడున్నర, దానిచుట్టు ఊగు రమారమి ఒకటి ముప్పాతిక, అనగా సగటులో సగము. తరువాత వచ్చిన అయిదవ కూర్పున అగ్నిగోళమునకు ఎనిమిది పాచికలు వేయుదురు. సగటు 28, ఊగు అయిదునకు లోపు, అనగా ఆరవ వంతు. ఉల్కాపాతమునకు నలుబది పాచికలు. సగటు 140, ఊగు పదునొకండు, పదుమూడవ వంతు మాత్రమే. ఉల్కలు వర్షించుచున్నవి గాని ఫలితము జీతపు చీటీవలె ముందుగనే తెలిసియున్నది. పాచికల మోతకు కొదువ లేదు. వానిలో దైవమే లేదు. గలీలియో తన కాలమున మూడు పాచికల లెక్క కట్టి, 216 విధములలో మొత్తము పది యగుట 27 విధములనియు తొమ్మిది యగుట 25 విధములే యనియు చూపినప్పుడు ఈ గుంపుకట్టు స్వభావమే బయటపడినది. నలుబది పాచికలకు అది దుర్గము వంటిదగును.

మూడవ రోగమును మనుమడు తన చేతులారా తెచ్చుకొనినాడు. వాని మిత్రబృందము ఒక ‘ఇంటి నియమము’ పెట్టుకొన్నది: పాచికపై ఒకటి పడినచో కత్తి చేజారి క్రింద పడును. చూచుటకు న్యాయమే. కాని మొదటి మెట్టు కుర్రవాడు ఒక వంతున ఒక్కసారి కొట్టును. వాని కత్తి జారుట నూటికి అయిదు. ఇరువదవ మెట్టు మహాయోధుడు ఒక వంతున నాలుగుసార్లు కొట్టును. ఒక్కసారియైన కత్తి జారుట నూటికి పదునెనిమిదిన్నర. అభ్యాసము పెరిగినకొలది చేయి వణకు నట్టి కత్తిసాము నెచటనైన చూచితిరా? ఇరువదిసార్లు ప్రాణముపై పందెమాడువానికి ఒక్కొక్కసారి అపాయము నూటికి అయిదే యైనను, ఇరువదింటిని దాటి బ్రతుకువారు నూటికి ముప్పదియారుగురే. అరుదైనది పలుమారు ఆహ్వానింపబడిన అరుదుగా నుండదు. ఈ మాట వానికి చెప్పి, ఆ నియమము నానాడే మాన్పించితిని.

రోగములకు మందులు వెదకినవారు లేకపోలేదు. 2014లో వచ్చిన అయిదవ కూర్పున చేర్పునకు హద్దు పెట్టిరి. స్వభావసిద్ధమైన శక్తికి అయిదు, అభ్యాసమునకు రెండునుండి ఆరు వరకు. ఇరువదవ మెట్టునను మొత్తము సాధారణముగ పదునొకటి. పదునైదు కావలసిన పనిని, మూడును రెండును చేర్చుకొను కుర్రవాడు నూటికి యేబదియైదుసార్లు, మహావీరుడు ఎనుబదియైదుసార్లు సాధించును. ముప్పది కావలసిన అసాధ్యకార్యమున మహావీరునకును నూటికి పదియే. పాచికకు మరల నోరు వచ్చినది. అనుకూల సమయమున రెండు పాచికలు వేసి పెద్దదానిని గ్రహించు పద్ధతియు ఈ కూర్పున ప్రధానమైనది. ఏబదియైదు దానివలన దాదాపు ఎనుబది యగును, కాని ఎన్నడును నూరు కాదు. చేర్పు హద్దు దాటించును, ఎన్నిక హద్దులోనే మేలు చేయును. ఈ రెంటికి గల భేదము నాకు మిక్కిలి నచ్చినది. 1986లో స్టీవ్ జాక్సన్ కూర్చిన ‘గర్ప్స్’ అను ఆట మైదానమునే విడిచి మేరువు నెక్కినది. అందు మూడు పాచికల మొత్తము తన నేర్పు సంఖ్యకు మించకుండ పడవలెను. నేర్పు పదినుండి పదునొకటికి పెరిగిన గెలుపు నూటికి ఏబదినుండి అరువదిరెండున్నరకు దూకును. పదునైదునుండి పదునారునకు పెరిగిన మూడు పాళ్లైనను పెరుగదు. నేర్పరికి ఇంకను నేర్పు కలియుట కష్టమన్నది లోకానుభవమే గదా.

ఈ మందులన్నియు పాచికకు చేసిన చికిత్సలు. మా అవ్వ ఆటలో మాత్రము పాచికకు రోగమే రాలేదు, ఏలయన అనుభవము ఎన్నడును గవ్వలలో ప్రవేశింపలేదు. అరువదియేండ్లు ఆడిన అవ్వకును, నిన్న నేర్చిన నాకును అవే నాలుగు గవ్వలు, అదే 1, 4, 6, 4, 1. అయినను పది ఆటలలో ఎనిమిది ఆమెవే. నేను గవ్వలను తిట్టినపుడెల్ల ఆమె యనునది: “గవ్వలకేం ఎరుక బిడ్డా, కాయను నడిపెటోనికి ఎరుకుండాలె.” మెట్లు ఈ యాటలోను కలవు. వెలుపలి పదునారు గడులు చుట్టివచ్చిన కాయ లోపలి ఎనిమిది గడులలో అడుగిడవలెనన్న ముందుగా పరుల కాయ నొక్కటియైన చంపియుండవలెను. అది చేర్పు కాదు, అనుమతి. లోపలికి వచ్చినవానికి గవ్వలు మారవు. అడుగు ప్రశ్న మారును.

నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు దారిప్రక్కనున్న తానిచెట్టును చూచి, రెండు కొమ్మలమీద ఆకు లింతయనియు కాయలు రెండువేల తొంబదియైదనియు చెప్పగా, నలుడు రథము నాపి చెట్టు నరికి లెక్కపెట్టి నిజమని తెలిసికొనును. పిదప అశ్వహృదయమునకు మారుగా పాచికల విద్యయైన అక్షహృదయమును గ్రహించును. వెంటనే కలి నలుని విడిచి ఆ చెట్టులోనే దూరును. వైదికకాలపు జూదమున పాచికలు తానికాయలే యన్న సంగతి తెలిసిన, కవి ఆ చెట్టునే యేల నిలిపెనో బోధపడును. కుప్పనుండి తీసిన కాయలను నాలుగేసి చొప్పున తొలగింపగా ఒకటి మిగిలిన ‘కలి’ యనియు, ఏమియు మిగులకున్న ‘కృతము’ అనియు ఆ జూదమున సంజ్ఞలని పండితులందురు. శ్రీనాథుని శృంగారనైషధము జూదమువరకు రాకమునుపే ముగియుటచేత మన పద్యప్రియులకు దమయంతి తెలిసినంత ఋతుపర్ణుడు తెలియడు. నాగర్‌కర్నూలు దాటి నల్లమల నెక్కినచో ఆ తానిచెట్టు నేటికిని కానవచ్చును. త్రిఫలములలో నొకటిగా దాని కాయను మనమెరుగుదుము. నలుడు నేర్చినది పాచికను లొంగదీయు మంత్రము గాదని నా తలంపు. అది లెక్క.

అవ్వకును ఆ హృదయము కొంత తెలియును. కాయ పండవలెనన్న నడిమి గడిని సరిగా చేరు పందెమే పడవలెను. ఎక్కువ పడిన నడువరాదు. చివరి కాయ యొక్కటే మిగిలినపుడు పండునకు ఒక్క గడి దూరమున నిలుచుట మేలా, రెండా, మూడా? పసివాడైన నేను ఒక్కటియే మేలంటిని. అష్టాచెమ్మలు పనికిరాక పోయినను మరల విసరుట కవకాశమిచ్చును గనుక, ఒక వంతులో ఒకటి పడుట ఏడింట రెండు, రెండు పడుట ఏడింట మూడు, మూడు పడుట ఏడింట రెండు. ఒక్క గడి దూరమున నిలిచినవాడు సగటున మూడున్నర వంతులు కాచుకొనవలెను. మూడు గడుల దూరమున నున్నవానికి 3.3 వంతులు చాలును, వానికే పందెమును వ్యర్థము గాదు గనుక. రెండు గడుల దూరమున నున్నవానికి 2.8 మాత్రమే. దగ్గరగ నున్నవాడే ఆలస్యముగ చేరును! అవ్వ ఈ భిన్నము లెరుగదు. “రెండుకు నిలుపు” అనుట మాత్రమెరుగును.

దసరా మరునాటి మధ్యాహ్నము మనుమడు ఇరువది మొగముల పాచికను సంచిలో వేసి, నాతో గవ్వల కెదురుగ కూర్చుండెను. సాయంకాలమునకు వానివి మూడు కాయలు పండినవి. నాలుగవదానిని, నేను వలదన్నను వినక, పండునకు ఒక్క గడి దూరమున నిలిపినాడు. నాకింకను రెండు కాయలు వెలుపలనే తిరుగుచున్నవి. వాడు విసరెను: అష్ట. నడువవలసిన చోటు లేదు. మరల విసరెను: మూడు. వంతు నాకు వచ్చినది. పిమ్మటి వంతున వానికి రెండు పడెను, ఆ పిమ్మటి వంతున మరల రెండు. వాడు గవ్వలను అరచేత ఊపుచు, విసరుటకు ముందు కన్నులు మూసికొని యేదో గొణుగుట చూచితిని. ఇరువది మొగముల పాచికతో నట్లు చేసి యెన్నాళ్లయినదో వాడు చెప్పలేదు, నేనడుగలేదు.